కొత్తగా లారీ స్టీరింగ్ పట్టిన తమ్మికి: ఫోన్ మ్యాప్ ఎంత నమ్మాలె, దారి ఎట్ల తీస్కోవాలె

వరంగల్ ఎనుమాముల మార్కెట్ కాడ లోడింగ్ అయ్యేదాక బండి నీడకు కూసున్నప్పుడు కొత్త పిలగాండ్లు నన్ను అడిగేది ఒక్కటే, అన్నా ఫోన్ల లొకేషన్ కొడితే అదే తీస్కపోతది గదా, ఇంక ఈ నోట్‌బుక్కు ఈ మ్యాపులు ఎందుకు అని. తప్పు మాటేం గాదు, నేను సుత రోజూ ఫోన్ వాడుత, అది లేకుంటే హైదరాబాద్ల గోదాములు సగం దొరకయి. కానీ ఇరవై ఏండ్ల సంది బండి తోలుతున్న, డీసీఎం నుంచి పది టైర్ల లారీ దాక అన్నీ తోలిన, నా మాట ఇంటే ఇట్ల చెయ్యి. దారి మాత్రం బయలెల్లక ముందే మ్యాప్ చూసి, తెలిసినోళ్లను అడిగి నువ్వే తీస్కో. రోడ్డెక్కినంక ఆ దారిని యాదికి చేసే పని ఒక్కటే ఫోన్‌కు అప్పజెప్పు.

ఎందుకంటే ఫోన్‌కు నీది లారీ అని తెల్వదు. గూగుల్ మ్యాప్ తెరిచి చూడు, కారు ఉంటది, బైకు ఉంటది, బస్సు ఉంటది, నడిచేది ఉంటది, లారీ బొమ్మ మాత్రం ఉండదు. నువ్వు కారు బొమ్మ మీద ఒత్తుతవు, అది నీకు కారు దారి ఇస్తది, దాని లెక్కల అది కరెక్టే. నీ లోడ్ ఎంత ఎత్తుందో, పది టైర్ల బండి లోడ్ తోటి 28 టన్నుల దాక ఉంటదని, మలుపుల తిరగాలంటే ఎంత జాగ కావాల్నో దానికి ఎవరు చెప్పిండ్రు? అమెరికా, యూరప్ దిక్కు లారీలకని వేరే నావిగేషన్ సెట్లు ఉంటయి, ఎత్తు, వెడల్పు, బరువు కొడితే తక్కువ ఎత్తు బ్రిడ్జిలు, బరువు ఆపే రోడ్లు తప్పించి దారి చూపిస్తయి. మన దగ్గర క్యాబిన్ల ఉండేది మామూలు ఫోనే. ఆ తేడా మనమే పూడ్చుకోవాలె.

నాకు ఇది తెలిసొచ్చింది ఒక పత్తి లోడ్ తోటి. నవంబర్ నెల, పరకాల అవతల నుంచి జిన్నింగ్ మిల్లుకు డీసీఎంల పత్తి బోరాలు, క్యాబిన్ కంటే నిలువు మనిషంత ఎత్తు లేపి తాళ్లు కట్టినం. పొద్దుగూకింది. ఎప్పుడు పోయే రోడ్డు ఇడిసిపెట్టి ఫోన్ ఒక కొత్త దారి చూపించింది, తొమ్మిది కిలోమీటర్లు తక్కువ అని, నేను సుత డీజిల్ మిగులుతది గదా అని తిప్పిన. మొదలు మంచిగనే ఉన్నది, సీసీ రోడ్డు. ఊర్లకు పోయినంక రెండు దిక్కుల ఇండ్ల గోడలు, నెత్తి మీద కరెంటు తీగలు జోకాలి లెక్క ఏలాడుతున్నయి. క్లీనర్ పిలగాడు దిగి టార్చి ఏసి చూసి, కాకా ఆపు, తీగకు బోరాకు జానెడే ఉన్నది అన్నడు. ఒక ముసలాయన అరుగు మీద నుంచి లేచొచ్చి ఎండు కట్టె తోటి తీగ లేపుత, మెల్లగ పోనియ్యి అన్నడు, నేను వద్దన్న. తమ్మీ, ఈ కట్టెతోటి తీగలు లేపే పని ఎన్నడు చేయకు, ఎవలు చేస్తమన్నా చేయనియ్యకు. పైన పత్తి, ఒక్క నిప్పు రవ్వ రాలితే చాలు, బండి, నువ్వు, ఆ ఊరి ఇండ్లు ఎవ్వరు మిగలరు. కిలోమీటర్ కంటే ఎక్కువనే ఎనుకకు తీసిన ఆ చీకట్ల, పిలగాడు ఎనుక నడుసుకుంట ఆనేదో ఆనేదో, బస్ బస్ అని బాడీ మీద కొట్టుకుంట, గంటన్నర పట్టింది. ఆ తెల్లారే ఒక వంద పేజీల నోట్‌బుక్కు కొన్న.

ఇగ పని ఎట్ల చేయాల్నో చెప్త.

లోడ్ చెప్పంగనే ముందు ఊరు ఏదో ఖాయం చేస్కో. ఇది చిన్న మాట లెక్క కొడతది గని ఎక్కువ మంది తప్పేది ఇక్కడనే. మనకు ములుగు అంటే మేడారం పోయే తొవ్వల ఉన్న ములుగు, కానీ సిద్దిపేట జిల్లాల రాజీవ్ రహదారి మీద ఇంకో ములుగు ఉన్నది, హైదరాబాద్‌ల లోడ్ ఎత్తుకొని ఫోన్ల ఉత్త ములుగు అని కొడితే దగ్గర ఉన్నది ఆ ములుగే. మా దిక్కు పిలగాడు ఒకడు గిట్లనే మేడ్చల్ కాడ లోడ్ ఎత్తుకొని పొద్దుగాల ఆ ములుగుల దిగి దుకాణం యేదని ఎతికిండు, దుకాణపోళ్లు ఇక్కడ ములుగు గట్టమ్మ గుడి కాడ ఎదురు చూస్తున్నరు. కొత్తపల్లి, వెంకటాపూర్, రామాపూర్, నాగారం, ఇసోంటి పేర్లు జిల్లాకు రెండు మూడు ఉంటయి. అందుకే బిల్టీ (ట్రాన్స్‌పోర్టోళ్లు రాసిచ్చే సరుకు రసీదు) మీద, ఈ-వే బిల్లు (సరుకు తోలేటందుకు తీసే జీఎస్టీ కాగితం) మీద పిన్ కోడ్ చూడు. 506 తోటి మొదలైతే మన వరంగల్ దిక్కు, 505 అయితే కరీంనగర్ దిక్కు, 502 అయితే సిద్దిపేట, సంగారెడ్డి దిక్కు. ఊరు, మండలం, జిల్లా మూడు చదివి, సరుకు దింపుకునేటాయనకు ఫోన్ చేసి, అన్నా మీ గోదాము గేటు కాడ నిలబడి లొకేషన్ పంపుండ్రి అని అడుగు. ఆఫీసుల కూసోని పంపిన లొకేషన్ ఆఫీసుకే తీస్కపోతది. అదే ఫోన్ల ఇంకో మూడు మాటలు సుత అడిగేసెయ్యి, పెద్ద బండి ఏ దిక్కు నుంచి లోపలికి వస్తది, పగలు ఎంట్రీ ఉన్నదా, తిప్పుకునే జాగ ఉన్నదా.

తర్వాత దారి. కాగితం మ్యాప్ ఉంటే మంచిది, పుస్తకాల దుకాణంల తెలంగాణ రోడ్ మ్యాప్ దొరుకుతది, లేకుంటే ఫోన్ల మ్యాపే పెద్దగ చేసుకోని చూడు గని దారి కొట్టకుంట చూడు, ఉత్త మ్యాప్. చిన్న స్క్రీన్ మీద నీలం గీత ఒక్కటే కనబడితే పక్కన వాగు ఉన్నదా, రైలు పట్టా ఉన్నదా, ఇంకో పెద్ద రోడ్డు ఉన్నదా ఏం తెల్వదు. మొత్తం మ్యాప్ చూస్తే మన దిక్కు లెక్క మనసుల కూసుంటది. ఎన్‌హెచ్ 163 హైదరాబాద్ నుంచి జనగామ, వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదికెళ్లి ఛత్తీస్‌గఢ్‌ల భూపాలపట్నం దాక పోతది. ఎన్‌హెచ్ 563 జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ మీదికెళ్లి ఖమ్మం దిక్కు పోతది. ఎన్‌హెచ్ 353సి మన ఆత్మకూరు కాడ నుంచి పరకాల, భూపాలపల్లి, కాళేశ్వరం మీదికెళ్లి మహారాష్ట్రల సిరొంచ దిక్కు. నాగ్‌పూర్ పోయే ఎన్‌హెచ్ 44 నిర్మల్, ఆదిలాబాద్ మీదికెళ్లి. ఈ నాలుగు గీతలు కండ్లు మూస్కున్నా కనబడాలె. పాత డ్రైవర్లు 202 రోడ్డు అంటే ఏంటిదని తికమక పడకు, 2010ల నంబర్లు మార్చినప్పుడు ఆ 202నే 163 అయ్యింది, 7 నంబర్ ది 44ల కలిసింది.

మైలురాళ్లు సుత మ్యాప్ లెక్కనే. పైన పసుపు రంగు ఉంటే నేషనల్ హైవే, పచ్చ రంగు ఉంటే స్టేట్ హైవే, నల్లది ఉంటే జిల్లా రోడ్డు, కాషాయం రంగు ఉంటే ఊరి రోడ్డు. ఫోన్ తిప్పమన్న కాడ తిప్పినంక రాయి మీద రంగు పసుపు నుంచి కాషాయంకు మారిందంటే ఆడనే బండి పక్కకు ఆపి ఆలోచించు.

నోట్‌బుక్కుల ఎట్ల రాయాల్నంటే, చంద్రపూర్ లోడ్ అనుకో. హన్మకొండ, హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజురాబాద్, మానకొండూర్, కరీంనగర్. కరీంనగర్ కింద గీత. తర్వాత సుల్తానాబాద్, పెద్దపల్లి, బసంత్‌నగర్, గోదావరిఖని, గోదావరి బ్రిడ్జి, మంచిర్యాల. మళ్ల గీత. బెల్లంపల్లి, ఆసిఫాబాద్, వాంకిడి, రాజురా, చంద్రపూర్. ఒక్కొక్క పేరు పక్కన ఎటు తిరగాలె, టోల్ ఉన్నదా, డీజిల్ ఎక్కడ, నిద్ర ఎక్కడ. పేర్లు పెద్దగ రాయి, క్లీనర్ చదివితే ఇనబడాలె. చేయితోటి రాసిన దారి సగం అప్పుడే నోటికొస్తది, అందుకే ఫోటో తీస్కొని పెట్టుకోకు, రాయి. ఇక్కడ ఫోన్ కొన్నిసార్లు సిరొంచ మీదికెళ్లి దగ్గర అని చూపిస్తది, మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్, వాంకిడి దిక్కు నాలుగు లేన్ల రోడ్డు ఉండంగ లోడ్ బండి తోటి అడవి రోడ్డు ఎందుకు.

ఇగ రాసుకున్న దారి ఫోన్ల ఎక్కించు. గమ్యం కొట్టి ఊకోవద్దు, మధ్యల కరీంనగర్, మంచిర్యాల, ఆసిఫాబాద్ స్టాపులుగ పెట్టు, అప్పుడు అది నీ దారే పట్టుకుంటది. టోల్ తప్పించే ఆప్షన్ ఆన్ ఉంటే తీసెయ్యి, ఎవరో ఎప్పుడో ఆన్ చేసి ఇడిసిపెడతరు, నాలుగు వందల టోల్ మిగిలించబోయి ఊర్లల్ల స్ప్రింగ్ పట్టీ ఇరగ్గొట్టుకుంటవు. ఆ దిక్కు మ్యాప్ మొత్తం ముందే వైఫై మీద డౌన్లోడ్ చేస్కో. ఇక్కడ చాలామందికి ఒక తప్పు లెక్క ఉన్నది, నెట్ పోతే జీపీఎస్ పోతదని. జీపీఎస్‌కు నెట్ అక్కర లేదు, ఆకాశంల ఉన్న ఉపగ్రహాల సిగ్నల్ పట్టి నువ్వెక్కడున్నవో లెక్క కడతది, నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మకు, ట్రాఫిక్‌కు. తాడ్వాయి దాటి ఏటూరునాగారం అడవిల పోతుంటే నెట్ ఎగిరిపోతది, డౌన్లోడ్ చేసుకోని ఉంటే నీ చుక్క మ్యాప్ మీద కదులుకుంటనే ఉంటది, లేకుంటే తెల్లటి స్క్రీన్ మీద చుక్క ఒక్కటే. ఓనర్ బండికి పెట్టిచ్చిన జీపీఎస్ డబ్బా వేరే సంగతి, అది నువ్వెక్కడున్నవో ఓనర్‌కు చెప్తది గని నీకు దారి చెప్పదు.

ఫోన్ స్టాండు అద్దం మధ్యల పెట్టకు, రోడ్డు కనబడాలె. డ్యాష్‌బోర్డు మీద ఎండ తగిలే కాడ సుత వద్దు, ఏప్రిల్ మే నెలల్ల రామగుండం దిక్కు పగటీలి పోతే ఫోన్ కాలి స్క్రీన్ నల్లగయితది, సరిగ్గ జంక్షన్ కాడనే. ఫోన్ చేతుల పట్టుకోని తోలొద్దు, 2020 అక్టోబర్ 1 నుంచి రూల్ ప్రకారం దారి చూసేటందుకు ఫోన్ వాడొచ్చు గని డ్రైవింగ్ మీద ధ్యాస చెదరొద్దు. మాట సౌండ్ పెంచు, స్క్రీన్ చూసుడు క్లీనర్‌కు ఒప్పజెప్పు.

టైము మాత్రం దాన్ని ఎన్నడు నమ్మకు. అది కారు టైము. లారీకి నాలుగు లేన్ల రోడ్డు మీద 80, మామూలు రోడ్ల మీద 60 కంటే ఎక్కువ పోవద్దు, లోడ్ తోటి అది సుత చాలాసార్లు రాదు. ఫోన్ రెండు గంటలంటే నేను మూడు రాసుకుంట. ఎందుకు ముఖ్యమంటే ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క ఇస్తరు, దారి తప్పి తిరుగుకుంట పోతే గడువు దాటిపోతది, చెకింగ్ల పట్టుకుంటే నువ్వే నిలబడాలె. గడువు అయిపోయే ఎనిమిది గంటల ముందు నుంచి, అయిపోయినంక ఎనిమిది గంటల దాక పొడిగించుకోవచ్చు, ఆలస్యం అయితదని తెల్వంగనే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఫోన్ చెయ్యి, దాచకు.

ఎత్తు సంగతి. లోడ్ కట్టినంక నేల నుంచి పైకొస దాక ఎంతున్నదో టేపుతోటి కొలిచి క్యాబిన్ల సున్నపు ముక్కతోటి రాయి, ప్రతి లోడ్‌కు. మన ఊర్లె రైలు పట్టాలు ఎక్కువ, కాజీపేట కాడ లైను రెండు పాయలయి ఒకటి బల్లార్షా దిక్కు ఒకటి విజయవాడ దిక్కు పోతది, పట్టా దాటాలంటే పైన బ్రిడ్జి అన్న ఉంటది, గేటు అన్న, కింద బ్రిడ్జి అన్న. ఫోన్ల మూడు ఒక్క తీరే కనబడతయి. కింద బ్రిడ్జి అయితే ఎత్తు బోర్డు చదవకుంట దూరకు, వరంగల్ స్టేషన్ కాడ అండర్ బ్రిడ్జిల వాన పడితే నీళ్లు నిలుస్తయి అది సుత యాది పెట్టుకో. ఖిలా వరంగల్ కోట లోపలికెళ్లి రోడ్డు కనబడతది మ్యాప్‌ల, కానీ రాతి దర్వాజల మలుపులు ఏనుగులు గుర్రాలు నేరుగ ఉరకకుండ కట్టినయి, లారీ అసలే తిరగదు.

వానకాలం గురించి జర ఎక్కువ చెప్త, ఇది పానాల మీది ముచ్చట. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. ఆ వానలకే భూపాలపల్లి రోడ్డు మీద మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగింది. అది ఏదో గల్లీ రోడ్డు కాదు, నేషనల్ హైవే, రోజూ మనం పోయేదే. అదే ఏడు అక్టోబర్ 21 రాత్రి మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినయి, పైన మహారాష్ట్రకు పోయే రోడ్డు ఆపేసిండ్రు, సాయంత్రం దాక ఉన్న రోడ్డు పొద్దుగాలకు లేదు. ఉత్తరప్రదేశ్‌ల బరేలీ కాడ 2024 నవంబర్‌ల ఫోన్ చూపించిన దారిల పోయిన కారు సగం కొట్టుకపోయిన బ్రిడ్జి మీదికెళ్లి నదిల పడి ముగ్గురు పోయిండ్రు, ఆ బ్రిడ్జి అంతకు ముందే వరదకు తెగింది. వాగు మీద నీళ్లు పారుతుంటే, ముందు బండి పోయింది గదా అని పోకు. లో లెవెల్ వంతెన మీద నీళ్ల కింద రోడ్డు ఉన్నదో కోసుకపోయిందో పైన నుంచి కనబడదు. ఆపు, చాయ్ తాగు, పండు, ఓనర్ కోపానికొస్తే నా పేరు చెప్పు.

దారి అడుగుడు సుత ఒక పనే, చాలామందికి రాదు. ఈ రోడ్డు పోతదా అని అడిగితే ఎవలన్న పోతది అన్నా అనే అంటరు, వాళ్లు బండి మీద పోతరు గనక వాళ్లకు పోతది. నిన్న ఇయ్యాల లోడ్ లారీ పోయిందా, ఎన్ని టైర్లది, తిరిగొచ్చిందా అని అడుగు. ఊర్లె అందరి కంటే పంచర్ దుకాణపాయనకు ఎక్కువ ఎరుక, ఏ రోడ్డు మీద టైర్లు పగులుతున్నయో ఆయన కాడికే వస్తది. ఎదురుంగ ఆర్టీసీ బస్సు వస్తే ఆ రోడ్డు వెడల్పు సరిపోతదని లెక్క, ఆ డ్రైవర్‌ను చెయ్యెత్తి ఆపి అడిగినా చెప్తరు. కానీ బస్సు పోయిందంటే వెడల్పు మటుకే తెలిసినట్టు, బరువు కాదు, తీగల ఎత్తు కాదు. కల్వర్టు పాతది అయితే, పక్కన రాళ్లు జారి ఉంటే దిగి చూడంది 28 టన్నులు ఎక్కియ్యకు.

మేడారం జాతర రెండేండ్లకోసారి, ఆ జాతర రోజులల్ల ములుగు రోడ్డు మీద పెద్ద బండ్లను ఆపుతరు, మళ్లిస్తరు, ఫోన్‌కు ఆ సంగతి ఆలస్యంగ తెలుస్తది, పేపర్ల పోలీసోళ్లు ముందే ఇస్తరు చూస్కో. జన్నారం దిక్కు కవ్వాల్ అడవిల పెద్ద బండ్లకు చెక్‌పోస్టుల కాడ ఆంక్షలు పెట్టుకుంట వస్తున్నరు, ఆ దిక్కు లోడ్ ఉంటే ఆ రోజు ఎట్లున్నదో కనుక్కోనే కదులు. హైదరాబాద్‌ల పగటీలి లారీలకు ఎంట్రీ ఉండదు, ఘట్‌కేసర్ కాడ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి నీ గోదాముకు దగ్గరున్న కాడ దిగు, 158 కిలోమీటర్ల రింగు అది, ఫోన్ నిన్ను ఉప్పల్ మీదికెళ్లి సక్కగ పొమ్మంటది, ఇనకు.

రోడ్డు మీద పోతుంటే ఫోన్ మధ్యల ఇంకో దారి దొరికింది, పది నిమిషాలు మిగులుతది అంటది. వద్దు అని ఒత్తు. కొన్నిసార్లు ఏం ఒత్తకున్నా అదే మారుస్తది, అందుకే క్లీనర్ నోట్‌బుక్కు పట్టుకోని తర్వాత రావాల్సిన ఊరు పేరు గట్టిగ చెప్తుండాలె, బోర్డు మీద ఆ పేరు రాకుంటే ఏదో తప్పినట్టే. మలుపు దాటిపోతే గాబరా పడి ఆడనే యూ టర్న్ కొట్టకు, చిన్న సందుల తిప్పకు. ముందు పెద్ద జంక్షనో, పెట్రోల్ బంకో వచ్చేదాక సక్కగ పో, జాగ చూస్కోని తిప్పు. ఐదు కిలోమీటర్ల డీజిల్ పోయినా బంపర్ మిగులుతది.

ఆఖరి రెండు కిలోమీటర్లే అన్నిటికంటే కష్టం. ధాబా కాడ ఆగినప్పుడే శాటిలైట్ బొమ్మ పెట్టి గోదాము చుట్టూ చూడు, చెట్లు, గోడలు, ఖాళీ జాగ, రెండో గేటు కనబడతయి. ఆ బొమ్మ పాతదయ్యుండొచ్చు, కొత్త గోడ లేచి ఉండొచ్చు. అందుకే ఊరి మొగదల రోడ్డు వెడల్పున్న కాడ లారీ ఆపి క్లీనర్‌ను నడిచి పోయి చూసి రమ్మను, పది నిమిషాల పని, లేకుంటే నువ్వే పో. రాత్రి అయితే తీగలకు టార్చి ఎయ్యి.

లోడ్ దింపినంక హమాలీలు పోయినంక నోట్‌బుక్కు తీసి ఆ రోజు దారి కింద రెండు లైన్లు రాయి, ఏ గేటు, తిప్పుకునే జాగ ఎక్కడ, ఏ కల్వర్టు బాగలేదు, తేదీ ఎయ్యి. నా పరకాల పేజీల ఆ ఊరి పేరు కింద తీగలు కిందికున్నయి, లోడ్ తోటి వద్దు అని రాసి ఉండేది ఏండ్ల సంది. మొన్న ఆ దిక్కు ఒక డ్రైవర్ కలిసి, కాకా స్తంభాలు మార్చి లైను లేపిండ్రు అన్నడు, ఖాళీ బండి తోటి పోయి చూసొచ్చి అది కొట్టేసి, ఇప్పుడు పోతది, మలుపు కాడ బావి చూస్కో అని రాసిన.